యూఎస్ఎస్ పైరేట్ (ఏఎం-275), వోన్సాన్ 1950: మైన్లు ఏరే ఓడే మైన్ తగిలి ఎలా మునిగింది?

తీరరేఖ అడిగిన ప్రశ్న:

కొరియా యుద్ధంలో వోన్సాన్ రేవు ముందు 1950 అక్టోబరు 12న అమెరికా మైన్‌స్వీపర్లు పైరేట్, ప్లెడ్జ్ పది పన్నెండు నిమిషాల తేడాతో మైన్లు తగిలి మునిగాయి. దీని గురించి చదువుతుంటే మూడు చోట్ల తికమక పడుతున్నాను.

మొదటిది: అక్కడ మైన్లు ఉన్నాయని ముందే తెలుసు, హెలికాప్టర్ నుంచి వరసలు కూడా కనిపించాయి అంటారు. అయినా ఓడని వాటి మీదికి ఎందుకు నడిపారు?

రెండోది: ఓడ వెనక తీగలు, కట్టర్లు లాగుతున్నప్పుడు మైన్ ఓడకి ఎలా తగులుతుంది?

మూడోది: పైరేట్ మునిగాక ప్లెడ్జ్ అదే దారిన వెనక్కి వచ్చేయొచ్చు కదా?

ఓడ వివరాలు తెలిసినవాళ్లు కాస్త లోతుగా చెప్పగలరు. "ధైర్యంగా పోరాడారు" లాంటి మాటలు చాలాచోట్ల దొరుకుతున్నాయి, నాకు కావలసింది పని ఎలా జరుగుతుంది, ఎక్కడ తేడా కొట్టింది అన్నది.

---

చుక్కాని జవాబు:

తీరరేఖ గారూ, మీ రెండో ప్రశ్న నుంచి మొదలుపెడతాను. అది అర్థమైతే మిగతా రెండూ సగం తేలిపోతాయి. (పత్రికల్లో "సముద్రపు మందుపాతర" అని రాస్తారు గానీ నేను మైన్ అనే అంటాను, నోటికి అదే వస్తుంది.)

వోన్సాన్‌లో మొదట ఎదురైనవి లంగరు మైన్లు. అడుగున ఒక బరువు, దాని నుంచి పైకి ఉక్కు తాడు, తాడు చివర గాలి నిండిన ఇనుప గోళం. గోళం నీటి పైకి కనపడకుండా కొన్ని అడుగుల లోతులో వేలాడుతుంది. పేలుడు పదార్థం ఉండేది ఆ గోళంలోనే. పైరేట్ లాంటి ఓడ పని గోళాన్ని పట్టుకోవడం కాదు, కింద ఉన్న తాడుని కోయడం. తాడు తెగితే గోళం తేలి పైకొస్తుంది, అప్పుడు దూరం నుంచి తుపాకులతో కాల్చి ముంచుతారు లేదా పేల్చుతారు. తెగి తేలిన మైన్‌ని చచ్చిపోయిందని ఎవరూ అనుకోరు, ప్రాణం ఉన్నదాని లాగే చూస్తారు.

కోసే సరంజామాకి ఒరొపెసా అని పేరు. 1919లో దాన్ని పరీక్షించిన ట్రాలర్ పేరే నిలిచిపోయింది. అందులో భాగాలు ఇవి:

ఓడ వెనక నుంచి ఒక పొడవాటి ఉక్కు తీగ వదులుతారు. ఓడకి దగ్గరగా ఉన్న కొసని నీటిలోకి దించి పట్టి ఉంచేది "కైట్". రెక్కల పలకలున్న ఇనుప చట్రం, ముందుకు లాగుతుంటే నీరే దాన్ని కిందికి నొక్కుతుంది. తీగ బయటి కొసన "ఆటర్". అదీ పలకల చట్రమే, కాకపోతే పక్కకి తోసుకుపోయేలా వాలుగా కడతారు. గాలిపటం గాలిలో పైకి లేస్తుంది చూడండి, ఆటర్ నీటిలో పక్కకి ఎగురుతుంది. ట్రాల్ వల నోరు తెరిచి ఉంచే పలకలు చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఆటర్ మునిగిపోకుండా పైన చేప ఆకారంలో లోహపు తేలుడు బుంగ ఒకటి, దానికీ ఆటర్‌కీ మధ్య వేలాడే తాడు. తీగ ఎంత లోతులో నడవాలో ఆ తాడు పొడవే నిర్ణయిస్తుంది. తీగ పొడవునా అక్కడక్కడ కట్టర్లు: కొన్ని వట్టి కత్తెర దవడలు, కొన్నిటిలో చిన్న పేలుడు గుండు ఉండి ఉలిని తోస్తుంది. మైన్ తాడు తీగకి తగిలి, దాని వెంట బయటికి జారుతూ పోయి కట్టర్‌లో పడి తెగుతుంది.

ఇప్పుడు ఈ బొమ్మని పైనుంచి ఊహించండి. తీగ ఓడ తోక నుంచి మొదలై వెనక్కీ పక్కకీ వాలుగా సాగుతోంది. రెండు పక్కలా వదిలితే తలకిందులైన వి ఆకారం వస్తుంది. శుభ్రపడే నీరంతా ఓడకి వెనక, పక్కల. ఓడ ముక్కు ముందున్న నీటిని ఏదీ ముట్టుకోదు. మైన్ తాడు తీగకి తగలాలంటే ముందు ఓడ ఆ మైన్ పక్క నుంచి దాటిపోవాలి. అది సరిగ్గా ఓడ వెడల్పు దారిలోనే ఉంటే తీగ కంటే ముందు ఓడకే తగులుతుంది.

కాబట్టి "సరంజామా ఓడని ఎందుకు కాపాడలేదు" అన్న ప్రశ్నకి జవాబు, అది లాగే ఓడని కాపాడటానికి చేసింది కానే కాదు. వెనక వచ్చేవాళ్ల కోసం చేసింది.

అందుకే మైన్‌స్వీపర్లు మెట్ల వరసలో నడుస్తాయి. మొదటి ఓడ తేలుడు బుంగకి కాస్త లోపలివైపు రెండోది, రెండోదాని బుంగ లోపలివైపు మూడోది. అంటే ప్రతి ఓడా ముందుదాని తీగ ఊడ్చిన నీటిలో నడుస్తుంది. ఒక్క మొదటి ఓడకి మాత్రం ఆ వీలు లేదు. ఆ రోజు మొదట ఉన్నది పైరేట్, తర్వాత ప్లెడ్జ్, తర్వాత ఇంక్రెడిబుల్. వీటి వెనక చెక్క ఓడలు రెడ్‌హెడ్, కైట్. (ఓడ పేరూ సరంజామాలోని పరికరం పేరూ ఒకటే, కలవరపడకండి.)

సరంజామాలో మామూలుగా వచ్చే తేడాలు కూడా చెబుతాను, ప్లెడ్జ్ సంగతికి పనికొస్తాయి.

వేగం తగ్గితే కైట్, ఆటర్ రెండిటికీ నీటి తోపు తగ్గుతుంది. సుమారు 8 నాట్లలో లాగాల్సిన తీగ, ఓడ ఆగితే నేరుగా అడుగుకి పోయి రాళ్లకో మైన్ తాళ్లకో చిక్కుకుంటుంది. పేలే కట్టర్ ఒక్కసారికే పనిచేస్తుంది. మైన్లు దట్టంగా ఉన్నచోట ఒక తీగ మీది కట్టర్లు త్వరగా అయిపోతాయి, మళ్లీ తీగ చుట్టి కొత్తవి బిగించాలి. తాడు బదులు గొలుసు ఉంటే కొన్ని కట్టర్లు కొరకలేవు. తాడు తెగకుండా తీగకి చిక్కి మైన్ వెంట వస్తే, తీగ చుట్టుకుంటూ పోతే అది ఓడ తోక కిందికే వచ్చి చేరుతుంది. తోకన నిలబడ్డ కళాసీలు చుట్టే ముందు నీటిలోకి అంత కళ్లప్పగించి చూసేది అందుకే, అనుమానం వస్తే తీగనే తెంపి వదిలేస్తారు.

మలుపు తిరిగేటప్పుడు మరో చిక్కు. బయటి పక్క తీగ బిగిసి పైకి లేస్తుంది, లోపలి పక్కది వదులై కిందికి జారుతుంది. మలుపులో ఊడ్చిన నీటిని ఊడ్చినట్టు లెక్కలోకి తీసుకోరు.

---

నీలిలంగరు జవాబు:

చుక్కాని గారు సరంజామా చెప్పేశారు కాబట్టి నేను ఆ రోజు సంగతికి వస్తాను. ముందు కొంచెం వెనక్కి.

పైరేట్ అడ్మిరబుల్ తరగతి ఓడ. అలబామాలోని చికసాలో గల్ఫ్ షిప్‌బిల్డింగ్ కట్టింది, 1944లో సేవలో చేరింది. పొడవు 184 అడుగుల 6 అంగుళాలు, వెడల్పు 33 అడుగులు, నీటిలో మునిగే లోతు 9 అడుగుల 9 అంగుళాలు. మామూలు బరువు 650 టన్నులు, అన్నీ నింపితే 945. రెండు డీజిల్ ఇంజన్లు, సుమారు 15 నాట్లు. ముందు ఒక 3 అంగుళాల ఫిరంగి. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో ఒకినావా, తూర్పు చైనా సముద్రం వైపు మైన్లు ఏరింది. పొట్టు, అంటే ఓడ బయటి ఒళ్లు, ఉక్కు, ఇది గుర్తుంచుకోండి.

1950 జూన్‌లో కొరియాలో యుద్ధం మొదలయ్యేసరికి జపాన్ దగ్గరున్న ఈ తరగతి ఓడలు నాలుగు. అందులో ప్లెడ్జ్ ఒక్కటే పనిలో ఉంది. పైరేట్, ఇంక్రెడిబుల్, మెయిన్‌స్టే కొద్దిమంది కాపలాతో పక్కన పెట్టి ఉన్నాయి. వీటికి తోడు చెక్క పొట్టు చిన్న ఓడలు ఆరు. అయిదేళ్ల కిందట వందల మైన్‌స్వీపర్లు నడిపిన నౌకాదళానికి ఆ సముద్రంలో మిగిలింది ఇంతే. పైరేట్‌ని ఆగస్టులో మళ్లీ సిబ్బందితో నింపి నడిపించారు. అక్టోబరుకి ఆ సిబ్బంది కలిసి పనిచేసింది రెండు నెలలు.

ప్రమాదం ఎవరికీ తెలియక కాదు. సెప్టెంబరు 26న డిస్ట్రాయర్ బ్రష్, 30న మాన్స్‌ఫీల్డ్ మైన్లు తగిలి దెబ్బతిన్నాయి. అక్టోబరు 1న చెక్క మైన్‌స్వీపర్ మ్యాగ్‌పై మునిగి 33 మందిలో 21 మంది గల్లంతయ్యారు.

పడమటి తీరాన ఇంచాన్‌లో బలగాలు దించిన తర్వాత తూర్పు తీరంలో వోన్సాన్ దగ్గర పదో కోర్ అనే అమెరికా సైనిక దళాన్ని దింపాలన్నది ప్రణాళిక, తేదీ అక్టోబరు 20. మైన్లు ఏరడం కెప్టెన్ రిచర్డ్ స్పాఫర్డ్ చేతిలో. పని అక్టోబరు 10న మొదలైంది. మొదట లోతు నీటి నుంచి తీరానికి తిన్నగా ఒక కాలువ ఊడ్చుకుంటూ వచ్చారు. మధ్యాహ్నానికి వూస్టర్ క్రూయిజర్ నుంచి లేచిన హెలికాప్టర్‌కి ఆ దారికి అడ్డంగా అయిదు వరసలు కనిపించాయి. దాంతో ఆ దారి వదిలేసి, రష్యా ఓడలు అంతకుముందు వాడినట్టు తెలిసిన దారి పట్టారు.

మీ మొదటి ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. హెలికాప్టర్‌కి కనిపించడం వేరు, దారి తెలియడం వేరు. ఎండ బాగుండి నీరు తేటగా ఉన్నచోట పైనుంచి మైన్ నల్లటి చుక్కలా కనపడుతుంది. కెరటం లేస్తేనో, నీటి మీద ఎండ మెరిస్తేనో, గోళం ఇంకొంచెం లోతుగా ఉంటేనో కనపడదు. "ఇక్కడ వరస ఉంది" అని చెప్పగలరు గానీ "ఇక్కడ ఏమీ లేదు" అని చెప్పలేరు. ఓడకి కావలసింది ఆ రెండో మాట.

12వ తేదీ ఉదయం విమానాలతో దారి పేల్చే ప్రయత్నం చేశారు. లేటీ, ఫిలిప్పీన్ సీ విమాన వాహకాల నుంచి 39 విమానాలు, నీటి ఒత్తిడికి పేలే వెయ్యి పౌన్ల బాంబులు, మొత్తం 50 టన్నులు. ఆ తర్వాత పైరేట్ ముందు నడిచింది. కెప్టెన్ లెఫ్టినెంట్ కార్నీలియస్ మెక్‌ముల్లెన్. యో-డో దీవి దాటి లోపలికి వచ్చేసరికి తీగలకి మైన్లు ఒకదాని వెంట ఒకటి తెగి పైకి రావడం మొదలైంది. మూడు ఓడలకీ కలిపి పదికి పైగా. పైన హెలికాప్టర్ ముందు ఇంకా చాలా ఉన్నాయంటోంది, నీటిలోకి శబ్దం పంపి వెతికే సోనార్ కూడా అదే చెబుతోంది. ఆ స్థితిలో ఎటు తిప్పినా ఊడ్చని నీరే. 12.09కి పైరేట్‌కి మైన్ తగిలింది. నాలుగు నిమిషాల్లో మునిగిపోయింది.

వెంటనే సిన్-డో దీవి మీది తీర ఫిరంగులు బయటపడ్డాయి. నీటిలో ఉన్నవాళ్ల మీద కూడా కాల్చాయి. ప్లెడ్జ్ కెప్టెన్ లెఫ్టినెంట్ రిచర్డ్ యంగ్ పడవ దించి, 3 అంగుళాల ఫిరంగితో ఎదురు కాల్పులు మొదలుపెట్టాడు. తీగలు తెంపేశాడు. ఇంక్రెడిబుల్ ఇంజన్లు మొరాయించాయి. ప్లెడ్జ్ ఎడమకి తిరుగుతుండగా 12.20కి దానికీ మైన్ తగిలింది. రెండు ఓడలకీ కలిపి హతులు, గాయపడ్డవాళ్లు 90 దాటారు, వాళ్లలో గల్లంతైనవాళ్లు 12 మంది. తోడున్న యుద్ధనౌక ఎండికాట్ ఫిరంగులతో తీరాన్ని అణచింది. బతికినవాళ్లని ఎత్తుకురావడంలో డయచెంకో అనే ఓడ పడవలది పెద్ద చెయ్యి.

---

చుక్కాని జవాబు:

నీలిలంగరు గారు చెప్పిన చివరి భాగానికి, అంటే మీ మూడో ప్రశ్నకి, ఒక మాట కలుపుతాను. "వచ్చిన దారినే వెనక్కి" అనడం కాగితం మీద సులువు. ఆ వరసలో చూడండి.

ప్లెడ్జ్ ఊడ్చిన నీటిలోనే ఉంది, కానీ ఆ నీరు ఒక సన్నటి పట్టీ. మనుషుల్ని ఎత్తాలంటే ఆగాలి. ఆగితే తీగలు అడుగుకి దిగి పట్టేస్తాయి, ఓడ కదలదు. కదలాలంటే తీగలు తెంపాలి. తీగలు తెంపిన క్షణం నుంచి అది మైన్‌స్వీపర్ కాదు, మైన్ల మధ్య చిక్కుకున్న ఉక్కు ఓడ మాత్రమే. ముందుకు పోలేదు. వెనకడుగు వేస్తే చుక్కాని మాట వినదు, గాలీ నీటి ఒరవడీ పక్కకి నెడతాయి. మిగిలింది తిరగడం. 184 అడుగుల ఓడ చుక్కాని తిప్పితే ముక్కు ఒకవైపు పోతుంటే తోక రెండోవైపు ఊగుతుంది, ఓడ మొత్తం మలుపు బయటికి జారుతుంది. పైగా తమ తీగలకే తెగిన మైన్లు చుట్టూ తేలుతున్నాయి, తీరం నుంచి గుండ్లు పడుతున్నాయి.

కెప్టెన్ తప్పు చేశాడని రాసినవాళ్లు ఉన్నారు. ఆ నిమిషంలో చేయగలిగిన ఒప్పు ఏమిటో వాళ్లూ రాయలేదు.

---

తీరరేఖ:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ముక్కు ముందు నీటిని ఏదీ ముట్టుకోదన్న మాటతో బొమ్మ మొత్తం మారిపోయింది.

ఇంకో రెండు అడుగుతాను. 50 టన్నుల బాంబులు ఎందుకు పనిచేయలేదు? తక్కువ లోతు మునిగే పడవల్ని ముందు పంపి, పెద్ద ఓడల్ని వెనక పెట్టి ఉండొచ్చు కదా? మైన్ గోళం పది అడుగుల లోతులో ఉంటే నాలుగు అడుగులు మునిగే పడవ దాని పైనుంచి పోతుంది కదా.

---

లోతుకొలత జవాబు:

రెండో ఆలోచన సరైనదే. ఆ పాఠం అందరూ నేర్చుకున్నది వోన్సాన్‌లోనే, కాకపోతే ఆలస్యంగా.

మైన్ వేసేవాడు గోళం ఎంత లోతులో ఉండాలో ముందే లెక్కవేసి పెడతాడు. డిస్ట్రాయర్ కోసమైతే లోతుగా, సైనికుల్ని ఒడ్డున దించే పడవల కోసమైతే పైపైన. అడ్మిరబుల్ తరగతి దాదాపు పది అడుగులు మునుగుతుంది కాబట్టి చాలా వాటికి అందుతుంది. చెక్క ఓడలు కొంచెం తక్కువ మునుగుతాయి, అయినా పూర్తి రక్షణ కాదు. నిజంగా పైనుంచి పోగలిగేవి ఆ సైనికుల్ని దించే పడవలు, మోటర్ లాంచీలు. కానీ వాటి ఇంజన్ పూర్తి ఒరొపెసాని లాగలేదు. రెండు పడవల మధ్య ఒక తేలిక తీగ కట్టి లాగాలి, అది నెమ్మది పని, తీర ఫిరంగుల కింద అసలు కాదు.

రెండో మార్గం పోటు. పోటు వచ్చినప్పుడు నీటి మట్టం పెరుగుతుంది, మైన్ మాత్రం తాడు పొడవుకి కట్టుబడి అక్కడే ఉంటుంది. కాబట్టి పోటు మీద ఓడ అడుగుకీ గోళానికీ మధ్య దూరం పెరుగుతుంది. ఆటు మీద గోళాలు పైకి తేలి కంటికి కనపడతాయి, అప్పుడు గుర్తు పెట్టుకోవచ్చు. కొరియా పడమటి తీరాన పోటుకీ ఆటుకీ తేడా చాలా ఎక్కువ, అక్కడ ఈ కిటుకు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. వోన్సాన్ తూర్పు తీరం. అక్కడ ఆ తేడా ఒక అడుగు అటూ ఇటూ. ఎప్పుడు వెళ్లినా ఒకటే.

వోన్సాన్ తర్వాత పడమటి తీరంలో చిన్నాంపో రేవు ఊడ్చినప్పుడు వరస మార్చారు: ముందు విమానాలు, హెలికాప్టర్లు వెతకడం, తర్వాత చిన్న పడవలు, చివరికి మైన్‌స్వీపర్లు. అక్కడ ఊడ్చే పనిలో ఒక్క ఓడా పోలేదు.

బాంబుల సంగతి. మైన్‌ని పక్క పేలుడుతో పేల్చాలంటే ఆ పేలుడు బాగా దగ్గరగా జరగాలి. కాస్త దూరమైతే వేలాడే గోళం తాడు మీద ఊగి మళ్లీ తన చోటికి వస్తుంది, అంతే. కొమ్ముల మైన్‌లో అయితే సీసపు కొమ్ము వంగి లోపలి గాజు గొట్టం పగలాలి, అందులోని రసాయనం బ్యాటరీని మేల్కొలపాలి. నీటి కుదుపుకి అది వంగాలని రూలేమీ లేదు. విమానం నుంచి వేసిన బాంబుల వరస మైళ్ల పొడవు కాలువలో ఎన్ని గోళాల పక్కన పడుతుంది? ఇంకో నష్టం కూడా ఉంది. ఏవి పేలాయో ఏవి మిగిలాయో తెలియదు, వెనక వచ్చే ఓడకి మాత్రం "దారి కొంత తేలికైంది" అన్న భ్రమ మిగులుతుంది.

వోన్సాన్‌లో దొరికిన రష్యన్ ఎం-26 రకానికి కొమ్ములు ఉండవు. ఓడ తగిలి గోళం ఒరిగితే లోపలి బరువు జరిగి మీట విడుస్తుంది. మందు సుమారు 240 కిలోలు. 650 టన్నుల ఓడ అడుగున అది పేలితే నాలుగు నిమిషాలు నిలవడమే ఎక్కువ.

---

నీలిలంగరు జవాబు:

లోతుకొలత గారి మాటకి చిన్న చేర్పు. పైరేట్ మునిగాక మర్నాటి నుంచే పద్ధతి మారింది. మారినర్ సముద్ర విమానాలు కనిపించిన మైన్లని పాయింట్ 50 కాలిబర్ మెషిన్‌గన్లతో పైనుంచే కాల్చాయి, నీటి అడుగున పనిచేసే దళం వాళ్లు చిన్న పడవల్లో తిరిగి మైన్లకి గుర్తుగా తేలే బోయాలు కట్టారు. చెక్క ఓడలు వాటి వెనక ఊడ్చుకుంటూ వచ్చాయి.

అంతా సర్దుకుంటోందనుకునేలోగా అసలు చావుదెబ్బ వేరే రకంగా వచ్చింది. అక్టోబరు 18న దక్షిణ కొరియా మైన్‌స్వీపర్ వైఎంఎస్-516, అప్పటికే ఊడ్చిన నీటిలో, ఏ తాడూ తగలకుండా పేలిపోయింది. అయస్కాంత మైన్. అడుగున పడి ఉంటుంది, తాడు ఉండదు, కాబట్టి ఒరొపెసాకి దొరకదు. లెఫ్టినెంట్ కమాండర్ డాన్ డిఫారెస్ట్ ఒడ్డుకి దిగి వెతికితే ఆ మైన్ల తీగచుట్ట దొరికింది. వాటిలో ఓడల్ని లెక్కపెట్టే మీట ఉంది. మొదట దాటిన కొన్ని ఓడల్ని వదిలేసి తర్వాతదాని కింద పేలుతుంది. ఒకసారి ఊడిస్తే సరిపోదు, లెక్క తీరేదాకా పదే పదే ఊడవాలి.

అడ్మిరల్ అలన్ స్మిత్ మాట మీకు ప్రతిచోటా కనిపిస్తుంది: నౌకాదళమే లేని దేశం చేతిలో, మొదటి ప్రపంచ యుద్ధానికి ముందటి ఆయుధాలతో, క్రీస్తు పుట్టిననాటి పడవలతో వేసిన మైన్ల వల్ల సముద్రం మీద పట్టు కోల్పోయామని. సగమే నిజం అని నా అభిప్రాయం. వేసింది సాంపాన్లనే చిన్న చెక్క పడవల నుంచి, వాటి వెనక లాగిన బల్లకట్టు పడవల నుంచి, అది నిజమే. కానీ సుమారు 3000 మైన్లు వరసలు లెక్కవేసి వేయించింది సోవియట్ నిపుణులు. లెక్కపెట్టే మీటలున్న అయస్కాంత మైన్ మొదటి యుద్ధానికి ముందటి ఆయుధం కాదు.

---

చుక్కాని జవాబు:

అయస్కాంత మైన్ల మాట వచ్చింది కాబట్టి: ఇక్కడ ఓడ పొట్టు దేనితో చేశారన్నది ముఖ్యం. పైరేట్ ఉక్కు ఓడ. చుట్టూ కేబుల్ తిప్పి కరెంటు పంపి అయస్కాంతాన్ని తగ్గిస్తారు గానీ పూర్తిగా పోదు. చెక్క ఓడకి ఇంజన్లూ తుపాకులూ మాత్రమే ఇనుము. ఏరేది ఎలాగంటే, పొడవు వేరువేరుగా ఉన్న రెండు తేలే కేబుళ్లు తోకన లాగుతారు, కొసల్లో ఎలక్ట్రోడ్లు. కరెంటు ఉప్పునీటి గుండా ఒక కొస నుంచి రెండో కొసకి పోతుంది. కొన్ని సెకన్ల పాటు పంపడం, ఆపడం, మళ్లీ దిశ మార్చి పంపడం. అడుగునున్న మైన్ అది ఓడ అనుకుని వెనక దూరంగా పేలుతుంది.

ఇబ్బంది ఏమిటంటే ఆ కేబుళ్లు లంగరు మైన్ల తాళ్లకి చిక్కుతాయి. కాబట్టి ముందు లంగరు మైన్లు ఏరాలి, తర్వాతే అయస్కాంతం పని. ముందు వెళ్లే ఓడ అడుగున ఏముందో తెలియకుండానే దాని పైనుంచి వెళ్తుంది. రెండు రకాలూ కలిపి వేసినవాడికి ఈ సంగతి బాగా తెలుసు.

---

అలలలెక్క జవాబు:

జపాన్ ఓడల మాట ఎవరూ ఎత్తలేదు. అక్టోబరు 17న వోన్సాన్‌లోనే ఎంఎస్-14 అనే జపాన్ మైన్‌స్వీపర్ మైన్ తగిలి మునిగింది. ఒకరు చనిపోయారు, 18 మంది గాయపడ్డారు. జపాన్ సముద్ర భద్రతా సంస్థ ఓడలు అవి. యుద్ధం చేయకూడదన్న రాజ్యాంగం వచ్చి మూడేళ్లే అయింది కాబట్టి చాలా ఏళ్లు ఈ సంగతి బయటికి చెప్పలేదు. పాత అమెరికన్ వృత్తాంతాల్లో ఓడల లెక్క కలవకపోతే ముందు ఇక్కడ చూడండి.

బలగాలు దిగింది 20న కాదు, 25, 26 తేదీల్లో. సుమారు 250 ఓడల వరస వారం పాటు తీరం వెంట పైకీ కిందికీ తిరిగింది. ఈలోగా దక్షిణ కొరియా సైన్యం భూమి మీద నుంచి వచ్చి వోన్సాన్‌ని ఎప్పుడో పట్టుకుంది. పైరేట్ మునిగిన రోజుకే ఊరు వాళ్ల చేతిలో ఉంది, సిన్-డో ఫిరంగులు మాత్రం ఇంకా మిగిలి ఉన్నాయి.

---

తీరరేఖ:

ఊరు అప్పటికే చేతిలో ఉంటే అంత తొందర దేనికి?

---

నీలిలంగరు జవాబు:

ఊరు చేతిలో ఉంటే సరిపోదు, రేవు తెరవాలి. పదో కోర్ ఓడల్లోనే ఉంది. దాని తిండీ మందుగుండూ కూడా ఓడల్లోనే. తేదీ మార్చాలంటే పైనుంచి మాట రావాలి, అది వచ్చేసరికి ఓడలు పోయాయి. నా దృష్టిలో పైరేట్‌ని ముంచింది ఒక మైన్ కంటే ఆ 20వ తేదీయే. పది రోజుల గడువులో నెమ్మది పద్ధతికి చోటు లేదు.

తర్వాత దాన్ని దిద్దుకోవడానికి నౌకాదళం బాగానే ఖర్చుపెట్టింది. 1950ల్లో చెక్క పొట్టు, అయస్కాంతానికి దొరకని లోహాలతో ఇంజన్లు పెట్టి యాభైకి పైగా కొత్త మైన్‌స్వీపర్లు కట్టారు.

---

లోతుకొలత జవాబు:

తీరరేఖ గారూ, మీరు దీని మీద రాస్తున్నట్టయితే పేర్ల దగ్గర జాగ్రత్త. ఏఎం అంటే పెద్ద మైన్‌స్వీపర్, ఇక్కడ మూడూ ఉక్కువే. ఏఎంఎస్ అంటే చిన్న చెక్క ఓడ, రెండో ప్రపంచ యుద్ధంలో వాటినే వైఎంఎస్ అనేవారు. డీఎంఎస్ అంటే మైన్లు ఏరడానికి మార్చిన డిస్ట్రాయర్, ఎండికాట్ ఆ రకం. పిట్టల పేర్లు మళ్లీ మళ్లీ వాడతారు. కొరియాలో పనిచేసిన ఆస్ప్రే ఏఎంఎస్-28, నార్మండీ దాడి ముందురోజు 1944 జూన్ 5న మునిగిన ఆస్ప్రే ఏఎం-56, రెండూ వేరు. పైరేట్ 275, ప్లెడ్జ్ 277, ఒకే యార్డువి, ఫొటోల కింద తారుమారుగా రాసి ఉండటం మామూలే. ముక్కు మీది అంకె చూడకుండా నమ్మకండి.

ఆ తరగతి ఓడ ఎలా ఉండేదో చూడాలంటే నెబ్రాస్కాలోని ఒమాహాలో హజార్డ్, ఏఎం-240, ఒడ్డు మీద పెట్టి ఉంది. వెనక డెక్ ఫొటోలు వెతకండి. తీగ చుట్టే పెద్ద వించి, పక్కనే తేలుడు బుంగల్ని నీటిలోకి దించే వంపు చేతులు కనిపిస్తాయి. వించికీ తోక అంచుకీ మధ్య ఎంత చోటు ఉందో గమనించండి, కట్టర్లు బిగించేవాళ్లు నిలబడేది అక్కడే.